అంకెలు కలవని పిస్తోలు

నా పుట్టిల్లు బెర్లిన్, డీడబ్ల్యూఎం వారి కార్ఖానా. తూటా కూర్చునే గది నెత్తి మీద 1917 అని చెక్కి ఉంటుంది. నా జాతకచక్రమంతా ఆ నాలుగంకెలే. జర్మన్ సైన్యం మమ్మల్ని 1908లో తీసుకుంది కాబట్టి పీ-08 అన్నారు. లోకం మాత్రం మమ్మల్ని మలిచిన గెయోర్గ్ లూగర్ పేరుతోనే పిలుస్తుంది. ఇప్పుడు నేనుండేది అమెరికాలో, ఒహాయోలో, లేత్ మెషీను మీద జీవితం గడిపి రిటైరైన ఒక ముసలాయన ఇంట్లో.

మా జాతికి ఒంటినిండా అంకెలే. ఒక్కో ముక్కనూ చేత్తో అరగదీసి ఒక్కో పిస్తోలుకు అమర్చేవారు. అది ఇంకోదాంట్లో కలిసిపోకుండా పిస్తోలు నంబరులోని చివరి రెండంకెలు దాని మీద కొట్టేవారు. నా ట్రిగ్గరు మీద 63, సేఫ్టీ మీట మీద 63, ఫైరింగ్ పిన్ను మీద 63. వీపు మీద మోకాలు లాంటి కీలు ఒకటుంటుంది మాకు. పేలినప్పుడల్లా పైకి ముడుచుకుని ఖాళీ డొల్లను విసిరేసి మళ్ళీ చాపుకుంటుంది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నా మోకాలు మీద మాత్రం 18 ఉంది. యుద్ధంలో ఒక రాత్రి నలుగురు సిపాయిలు ఒకే బల్ల మీద మమ్మల్ని విప్పి తుడిచారు. చీకట్లో ఎవరి చేతికందింది వారు బిగించుకుపోయారు. అది చాలదన్నట్టు, సముద్రం దాటొచ్చాక ఎవరో మహానుభావుడు నాకు కొత్త నలుపు పట్టించాడు. ఎండుగడ్డి రంగులో మెరవాల్సిన ట్రిగ్గరు కూడా ఆ నలుపులో మునిగింది.

ఆ రెండు మచ్చల వల్లే ముసలాయన నన్ను 900 డాలర్లకు కొనగలిగాడు. మమ్మల్ని అమ్మకానికి పెట్టిన బల్ల మీద నా పక్కన నా ఈడుదే ఇంకొకటి ఉంది. అంకెలన్నీ కలిశాయి, తోలు ఒర ఉంది, చెక్క అడుగున్న మేగజీన్లు రెండున్నాయి, రెండోదాని మీద కూడిక గుర్తుతో సహా. దాని ధర నాకు మూడింతలు పైనే. కొన్నాయన దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పేలిస్తే పిన్ను విరగొచ్చు, విరిగితే అంకె పోతుంది, అంకె పోతే ధర పోతుంది. చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నది ఏనుగు మాట, మా మాట కాదు.

ముసలాయన లెక్కల మనిషి. నాకంటే ముందు లైసెన్సు కొన్నాడు. 50 ఏళ్ళు దాటిన తుపాకులు సేకరించేవారికి అక్కడి ప్రభుత్వం ఇచ్చేది అది. మూడేళ్ళకు 30 డాలర్లు. దాంతో పక్క రాష్ట్రంలోని పాత తుపాకిని కూడా నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు, కొన్న ప్రతిసారీ మధ్యలో దుకాణదారుడికి రుసుము కట్టక్కర్లేదు. నేను ఇంటికి రాగానే నా 63 అంకె పిన్నునూ, డొల్లను లాగే కొక్కేన్నీ తీసి కవరులో వేసి, మీద పేరు రాసి దాచాడు. వాటి స్థానంలో కొత్తగా తయారైనవి బిగించాడు. విరిగితే అవి విరగాలి. అలిసిన స్ప్రింగు మార్చాడు. మేగజీను ఇటలీలో మెక్-గార్ వాళ్ళు చేసింది తెచ్చాడు. లోపల ఉత్తుత్తి తూటా లేకుండా ట్రిగ్గరు నొక్కనివ్వడు, మనవణ్ణి కూడా.

కొనడం ఒక్కసారి, మేపడం రోజూ. మేత విషయంలో మాత్రం నేను అదృష్టవంతురాలిని. స్విస్ సైన్యం 1900లో తీసుకున్న మా పెద్దన్నకు 7.65 తూటా కావాలి. అది ఏ కొట్లో పడితే ఆ కొట్లో ఉండదు. నాది 9 మిల్లీమీటర్లు. మా కోసం పుట్టిన ఆ తూటానే ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది, అందుకే చవక. అయితే నా నోటికి అన్నీ సయించవు. మందు పలచనైతే మోకాలు పూర్తిగా ముడవదు, డొల్ల మధ్యలో ఇరుక్కుంటుంది. ఘాటు ఎక్కువైన ‘ప్లస్ పీ’ రకం నా వందేళ్ళ ఉక్కు ఓర్చుకోదు. అందుకే ఆయన మూడు కంపెనీలవి ఒక్కో పెట్టె తెచ్చి పేల్చి చూసి, నేను పేచీ పెట్టనిదే వెయ్యి చొప్పున కొన్నాడు. ఒకసారి కక్కుర్తిపడి పాతకాలపు మిలిటరీ తూటాలు తెచ్చాడు. వాటి అడుగున నిప్పు రాజేసే ప్రైమరులో ఉప్పు. తెల్లారేసరికి గొట్టంలో తుప్పు మొలిచింది. వేడినీళ్ళతో కడిగి కడిగి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

2019లో 50 తూటాల పెట్టె 10 డాలర్లకు అటూ ఇటూ ఉండేది. 2021 నాటికి 30 దాటింది. అప్పటిదాకా వారానికి 100 పేల్చే మనిషి 24కి దిగాడు. మేగజీనుకు ఎనిమిది, మూడు మేగజీన్లు, అంతే. నిజం చెప్పాలంటే ఆయన గురి కుదిరింది ఆ కరువులోనే.

డొల్లల్లో మళ్ళీ మందు నింపుకుందామని ఒక మెషీను కూడా కొన్నాడు. తీరా చూస్తే ప్రైమర్లూ దొరకలేదు. దొరికాక లెక్కేస్తే తూటాకు మిగిలేది కొన్ని సెంట్లు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు. ఆ మెషీను ఖర్చు కిట్టించింది మా 7.65 అన్న. స్నేహితుడి దగ్గరున్న దాని కోసం తూటాలు నింపి ఇస్తున్నాడు.

నిన్న రేంజికి తీసుకెళ్ళాడు. 24 పేల్చాను, ఒక్కటీ ఇరుక్కోలేదు. నేను డొల్లల్ని నెత్తి మీదుగా వెనక్కి విసురుతాను, అదొక పాడలవాటు. ఏరుకుంటే 22 దొరికాయి. మిగిలిన రెండింటి కోసం ఆ లెక్కల మనిషి పక్క బెంచీ కింద టార్చిలైటు వేసి చాలాసేపు వెతికాడు.