నాటింగ్‌హామ్ పెద్దాయన

కొత్తగూడెంలో రిటైరైన సింగరేణి మనుషులు రెండు రకాలు: కొడుకు దగ్గరికి ఫారిన్ పోయొచ్చినవాళ్లు, వాళ్లు చెప్పేది వినేవాళ్లు. మన పెద్దాయన మొదటి రకం. బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి దిగిపోయాడు. కొడుకు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చదివి అక్కడే కుదురుకున్నాడు. విజిటర్ వీసా మీద పోయిన పెద్దాయన మనవరాలిని ఆడించి, చలికి వణికి, తిరిగొచ్చాడు. పోయేటప్పుడు గోంగూర పచ్చడి పట్టుకుపోయాడు, వచ్చేటప్పుడు చరిత్ర పట్టుకొచ్చాడు.

అప్పటినుంచి ప్రకాశం మైదానంలో పొద్దుటి నడక బృందానికి ఒకటే పాఠం, పబ్బు. ఏటా అయ్యప్ప మాల వేసుకునే మనిషి నోట ఆ మాట విని మొదట్లో అందరూ ఉలిక్కిపడ్డారు.

"తాగటానికి కాదయ్యా, చూడటానికి. నేను ఆరెంజ్ జ్యూసే తాగిన" అంటాడు. ఆ రెండో వాక్యం ఇంట్లోకి వినపడేంత గట్టిగా అంటాడు.

ఆయన చూసింది 'యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం' అనే పబ్బు. నాటింగ్‌హామ్ కోట కింద ఇసుకరాయి కొండను తొలిచి చేసిన గదులు దానికి ఉన్నాయి. గోడ మీద 1189 అని రాసి ఉంటుంది. పెద్దాయన లోపలికి పోగానే చేసిన పని, పైకి చూడటం. గొడుగు తిరగేసి కొనతో కప్పును నాలుగు చోట్ల టక్ టక్‌మని కొట్టి చెవి ఒగ్గాడు. బాయిలో కప్పు గట్టిదైతే ఖంగుమంటుంది, పొర విడిచి ఉంటే బోలుగా మోగుతుంది. ఆ చప్పుడు తేడా పట్టడమే సర్దార్ ఉద్యోగం, కింద పనిచేసేవాళ్ల ప్రాణాలు దాని మీదే ఉంటాయి. కౌంటర్‌లో పిల్ల బీరు పోయటం ఆపి చూస్తోంది. కొడుకు మెనూ కార్డులో తల దాచుకున్నాడు. "ఫరవాలేదురా, మన దగ్గర బొగ్గు మీద ఉండేదీ ఇసుకరాయే. టింబర్ అక్కర్లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చి, అప్పుడు కూచున్నాడు.

అదే పబ్బులో ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన ఓడ బొమ్మ ఒకటుంది. దాన్ని తుడిచినవాళ్లు చచ్చిపోతారని అక్కడి నమ్మకం. "దుమ్ము తుడిస్తే చచ్చుడేంది, తుడవకపోతే చస్తారు గానీ!" అని జీవితమంతా బొగ్గు దుమ్ముతో కాపురం చేసిన మనిషి నేటికీ ఆశ్చర్యపోతాడు. ఆ ఊళ్లోనే బెల్ ఇన్, సాల్యుటేషన్ ఇన్ అనే మరో రెండు పబ్బులు 'మేమే పాత' అని దీంతో పోటీ పడతాయి. 1189 నాటి కట్టడం ఇప్పుడు నిలబడి లేదని చరిత్రకారులే అంటారు. ఆ సంగతి మాత్రం పెద్దాయన పాఠంలో ఉండదు.

నడక బృందంలో రిటైర్డ్ తెలుగు పంతులొకాయన ఒకరోజు అడ్డుపడ్డాడు. "1189 ఏం గొప్ప? హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. మీ పబ్బు కంటే ఇరవయ్యారేళ్లు పెద్ద."

"ఒప్పుకుంటా. అందులో కూచొని చిప్స్ తినొచ్చా?"

పంతులు గారి దగ్గర జవాబు లేదు. పెద్దాయన సిద్ధాంతం అంతా అందులోనే ఉంది: పాతదాన్ని వాడుకుంటేనే అది బతుకుతుంది. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఆఖరి బొగ్గుబాయి థోర్స్‌బీ 2015లో మూతపడింది. "చూసిండ్రా, బాయిలు పోయినయి, పబ్బులు ఉన్నయి!"

ఇప్పుడు ఊరంతా ఆయన కంటికి చరిత్రే. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టింది, 1886లో ఇంగ్లండ్ కంపెనీ తవ్వకం హక్కులు పుచ్చుకున్నది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది, 1945లో నిజాం సర్కారు చేతికి పోయింది, అన్నీ నోటికి వచ్చాయి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయనకు గుర్తున్న తేదీలు రెండే, జీతం రోజు, లాభాల వాటా రోజు. మొన్న ఆటోలో స్టేషన్‌కు పోతూ, "ఊరు కొత్తగూడెం కదా, స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరెందుకో తెలుసా?" అని మొదలుపెట్టాడు. "రైలు కూత వేసింది, దిగండి సార్" అన్నాడు డ్రైవర్.

ఇంగ్లండ్‌లో లిస్టులోకి ఎక్కిన పాత ఇంటిని పర్మిషన్ లేకుండా మార్చడానికి వీల్లేదని చెప్పేటప్పుడు ఆయన గొంతు గద్గదమవుతుంది. ఆ మాట చెప్పేది జీ ప్లస్ టూ బాల్కనీలో కూచొని. దాని కింద వాళ్ల నాయన కట్టిన పెంకుటిల్లు ఉండేది. టేకు ద్వారబంధాలు హైదరాబాద్ వ్యాపారికి అమ్మేశాడు. ఆ ముక్క ఎవరైనా ఎత్తితే, "అది వేరే. వాస్తు దోషం" అంటాడు. 2024 ఆగస్టులో పాల్వంచ పాత కరెంటు కేంద్రం కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చినప్పుడు ఆ వీడియోను 'సూపర్' అని అన్ని గ్రూపులకూ పంపిందీ ఈయనే. అప్పటికింకా నాటింగ్‌హామ్ పోలేదు, పాపం.

అయినా ఆయన ఎదురొస్తే సందు మళ్లకండి. పబ్బు మాట ఎత్తకముందే మీరు బాయి మాట ఎత్తండి. ల్యాంప్ రూములో దీపం ఎట్లా ఇచ్చేవాళ్లు, కప్పు చప్పుడు ఎట్లా పట్టేవాళ్లు, రాత్రి షిఫ్టులో ఏం తినేవాళ్లు, అడగండి. 1189 ఆయన విన్న ముచ్చట, బాయి ఆయన బతికిన ముచ్చట. చేతిలో ఫోన్ ఉండనే ఉంది, రికార్డు చేసి పెట్టుకోండి. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వాలి. ఆయన కప్పు టీ ధర పౌండ్లలో లెక్కగట్టి చెప్తాడే గానీ జేబులో చెయ్యి పెట్టడు.