దుబ్బ వచ్చింది, లెక్క రాలేదు

తలసరి ఆదాయం అన్న మాట కనిపెట్టినవాడికి బళ్లారి జిల్లా తారానగర్‌లో గుడి కట్టాలి. సండూరు కొండల్లో గని యజమాని రాబడినీ, ఆ గనిలో జల్లెడ పట్టిన ఆడమనిషి కూలినీ ఒకే మూటగా కట్టి, తలల లెక్కన పంచేసి, ఇద్దరూ బాగానే ఉన్నారు పొమ్మన్నాడు. ఇంత సమానత్వం ఏ విప్లవమూ తేలేదు.

సంపద పైన పుట్టి మెల్లగా కిందికి జారుతుందని పెద్ద సార్లు చెబుతారు. నిజమే, మేం రోజూ చూస్తున్నాం. లారీ కుదుపుకు టార్పాలిన్ సందుల్లోంచి జారుతూనే ఉంటుంది, ఎర్రదుబ్బ. తీగ మీద ఆరేసిన పంచె సాయంత్రానికి కావిరంగు తిరుగుతుంది. ఖర్చు లేని సన్యాసం. మిరపాకు, బిందె మూత, రోడ్డు పక్క ఆంజనేయుడు, అందరిదీ ఒకటే రంగు. వానొస్తే ఆ దుబ్బే వంకల్లో కొట్టుకొచ్చి నారిహళ్ళ జలాశయంలో పడుతుంది. అరుగు ఊడుస్తున్న ఒకామెను అభివృద్ధి గురించి అడిగాను.

"దుబ్బ అయితే దినామూ వస్తాంది సార్. లెక్కే రాలేదు" అంది.

మా వైపు లెక్క అంటే డబ్బు. సర్కారు దగ్గర మాత్రం లెక్క అంటే లెక్కే. అదీ చూద్దాం. బీజింగ్ ఒలింపిక్స్ నాటికి చైనా ఇనుప ఆకలికి టన్ను ఖనిజం వేల రూపాయలు పలికింది. 2009 ఆగస్టులో ధర మీద పది శాతం అనే పద్ధతి వచ్చేదాకా, మేలురకం గడ్డ ఖనిజానికి సైతం రాయల్టీ టన్నుకు 27 రూపాయలు. అప్పట్లో హోటల్లో ఇద్దరు టిఫిన్ చేస్తే సరి! అదే ఏడాది గనుల యజమాని గాలి జనార్దనరెడ్డి తిరుమల వెంకన్నకు నలభై కోట్ల పైచిలుకు వజ్రకిరీటం సమర్పించుకున్నారు. తలసరి పెరగడం కళ్ళారా కనిపించిన తల అదొక్కటే.

2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక అక్రమ తవ్వకాల వల్ల ఖజానా నష్టం 16,085 కోట్లని తేల్చింది. ఆ నెల 29న, శుక్రవారం, సుప్రీంకోర్టు బళ్లారి గనులు ఆపించింది. ఆపాల్సిందే. కానీ ఫైనాన్సులో లారీ కొన్నవాడు కంతు కట్టలేక దాన్ని చెట్టుకింద నిలబెట్టాడు. జల్లెడ పట్టిన చేతులకు పని పోయింది. లాభం కిందికి దిగడానికి తరాలు పట్టొచ్చేమో గానీ నష్టానికి ఒక్క శుక్రవారం చాలింది.

దేశం మాత్రం ఎక్కడ తక్కువ తింది? 2022-23లో పైనున్న ఒక్క శాతం మంది చేతికే మొత్తం ఆదాయంలో 22.6 శాతం వెళ్ళిందని ప్యారిస్ వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్క. గనుల ప్రాంతాన్ని బాగుచేసే దాదాపు 25 వేల కోట్ల ప్రణాళికకు సుప్రీంకోర్టు ఒప్పుకున్నది కూడా 2022లోనే. గనులు ఆగిన పదకొండేళ్ళకు, అవి మళ్ళీ తెరుచుకున్నాక.

తలసరి వినిపించడానికి వచ్చే సార్లకు ఒక మనవి. ఈసారి తెల్లచొక్కా వేసుకుని రండి. సాయంత్రం దాకా లారీల రోడ్డు పక్కన నిలబడండి. మీ పాలు మీకూ ముడుతుంది.