బెజ్జం పడితే వీధంతా తెలిసేది

ఇనుప పట్టీకి బెజ్జం పెట్టడం కూడా ఇంట్లో కూర్చుని చేసే పని అయిపోయాక, ఇక మనిషి వీధిలోకి రావలసిన అవసరం ఏముంటుంది చెప్పండి? మీ కుర్రకారుకు ఇదొక బాధగా కనపడదని నాకు తెలుసు. పాలు ఇంటికొస్తాయి, ఇడ్లీ ఇంటికొస్తుంది, ఇప్పుడు బెజ్జం కూడా ఇంటికే వచ్చింది. మా రోజుల్లో బెజ్జం దగ్గరికి మనమే పోయేవాళ్ళం. కోయంబత్తూరు ఆవారంపాళెం వీధుల్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో, భుజం మీద ఇనుప పట్టీల కట్ట వేసుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా. సరే, చెప్పులుండేవి. తెగిన చెప్పులు.

మా మనవడు మేడ మీది గదిలో పట్టరై పెట్టుకున్నాడు. వర్క్‌షాపును ఇక్కడి తెలుగువాళ్ళం పట్టరై అనే అంటాం, దానికి మీరు మూతి తిప్పుకోనక్కర్లేదు. వాడికి ఉద్యోగం కంప్యూటరు ముందు, సరదా ఇనుముతో. మాకు కూడు పెట్టిన పని వీళ్ళకు ఆదివారం కాలక్షేపం. ఆ కాలక్షేపానికి వాడొక హైడ్రాలిక్ పంచ్ తెప్పించాడు. పదిహేను వేల లోపేనట. ఒక ఉక్కు దవడ, దానికో గొట్టం, గొట్టం చివర చేతిపంపు. పట్టీని దవడలో పెట్టి, పిడిని పైకీ కిందికీ ఆడిస్తాడు. టక్కుమని ఒక చప్పుడు. బిళ్ళ కింద పడుతుంది. అయిపోయింది. చెమట లేదు, తిట్లు లేవు. తిట్లు లేకుండా ఇనుప పని జరగడం నా జన్మలో చూడలేదు.

"ఎట్లుంది తాతా?" అన్నాడు.

"బెజ్జం బాగానే ఉందిరా, దాన్ని పెట్టినవాడే ఏం పని చేసినట్టు లేడు" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. వీళ్ళకు కోపం కూడా రాదు. మా నాయన ముందు నేనిట్లా నవ్వి ఉంటే సుత్తి పిడి విరిగి ఉండేది.

మేం బెజ్జం ఎట్లా పెట్టేవాళ్ళమో వినండి. పోన్లెండి, వినకపోయినా చెబుతాను. పంపు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు కట్టేవాళ్ళం. వైర్ల గొట్టం దూరడానికి రేకులో అంగుళం బెజ్జం కావాలి. డివైడరుతో గుండ్రంగా గీత గీసి, గీత పొడవునా సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి, చుక్కకొక సన్న బెజ్జం చొప్పున చేతి డ్రిల్లుతో వేసి, నడుమ ముక్కను ఉలితో పడగొట్టి, అంచున మిగిలిన పళ్ళన్నిటినీ ఆకురాయితో రాస్తే, అప్పటికి అది బెజ్జం. గుండ్రంగా ఉండేదా అంటే ఉండేది. కోడిగుడ్డు కూడా గుండ్రమే కదా. ఇప్పుడు మా వాడు పంపుకు ఆ దవడ తీసేసి, అలాంటి పెట్టెకే సన్న బెజ్జం ఒక్కటి వేసి, అందులోంచి లావుపాటి బోల్టు దూర్చి, రేకుకు ఒక పక్క పంచ్, రెండో పక్క డై బిగించి, పంపు నాలుగు సార్లు కొడతాడు. రెండూ ఒకదాన్నొకటి లాక్కుని రేకును కోసేస్తాయి. అంచు వేలితో తడిమితే గీరుకోదు. అంత నున్నటి అంచు చూస్తే నాకెందుకో ఒళ్ళు మండుతుంది.

రేకు సంగతి అది. మందపాటి పట్టీలకైతే ఫ్లై ప్రెస్ ఉన్న పట్టరైకి పోవలసిందే. ఫ్లై ప్రెస్ చూశారా ఎప్పుడైనా? పోత ఇనుప ఒళ్ళు, నడుమ లావుపాటి మర, పైన అడ్డంగా చెయ్యి, చెయ్యి కొసల్లో ఇనుప గుండ్లు. ఆ చేతిని పట్టుకుని ఒక్క ఊపు ఊపితే గుండ్ల బరువంతా మరలోకి దిగి, పంచ్ పట్టీని చీల్చుకుని పోయేది. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినపడేది. చప్పుడును బట్టి పంచ్ మొద్దుబారిందో, డై పక్కకు జరిగిందో, ఊపేవాడు పొద్దున తిని వచ్చాడో లేదో చెప్పే పెద్దలు మా వీధిలో ఉండేవాళ్ళు. అరుగు మీద కూర్చుని, కళ్ళు తెరవకుండా, "రేయ్, డై చూసుకో" అని అరిచేవాళ్ళు. ఇప్పుడు అరుగులు లేవు, పెద్దలు లేరు, నేనొక్కడినే ఉన్నాను, నాకు చెవులు సరిగా వినపడవు.

బెజ్జాలు కొట్టించుకోవడానికి పోతే ఊరికే అయ్యేది కాదు. ముందు టీ. తర్వాత ఎవరింట్లో పెళ్ళి, ఏ మిల్లులో బోనసు, ఎవరి బావిలో నీళ్ళు అడుగంటాయి, అన్నీ అయ్యాక, "ఏం తెచ్చినావు?" అని అడిగేవాడు పట్టరై యజమాని. మా చెల్లెలి సంబంధం అట్లా ఫ్లై ప్రెస్ పక్కన కుదిరిందే. పట్టీలకు బెజ్జాలు తప్పుగా పడ్డాయి, సంబంధం మాత్రం సరిగ్గా పడింది. ఈ చేతిపంపు దగ్గర ఎవడికి పెళ్ళవుతుంది? మా మనవడికే ఇంకా కాలేదు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఎదుటివాడు దణ్ణం పెడితే చాలు, వాడు ప్రెస్ పని వాడా కాదా తెలిసిపోయేది. రెండు చేతులు కలిపితే పది వేళ్ళు లెక్కకు వచ్చేవి కావు. కరెంటు ప్రెస్సులు వచ్చాక ఇంకా ఎక్కువైంది. మనిషికి అదొక గుర్తింపు కార్డు. ఇప్పటి కుర్రాళ్ళందరికీ నిండుగా పది వేళ్ళూ ఉంటాయి, ఎవడేం పని చేస్తాడో ఎట్లా తెలుస్తుంది? ఈ మాట మా ఆవిడ ముందు అంటే తిట్టింది. తిట్టాలి కూడా. ఆమె అన్న చేతికి నాలుగే వేళ్ళు.

ఈ ఇనుప పిచ్చి మాకు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారేమో. అడగరు, అయినా చెబుతాను. విజయనగరం రోజుల్లో, నాయకుల వెంట దక్షిణానికి దిగిన తెలుగువాళ్ళం మేం. నల్లరేగడి దొరికిన చోట ఆగి పత్తి వేసుకున్నాం. పత్తి ఉందని 1888లో స్టేన్స్ దొర ఇక్కడ మిల్లు పెట్టాడు. 1932లో నీలగిరుల మీద పైకారా కరెంటు పుట్టేసరికి మిల్లు పక్కన మిల్లు లేచింది, బావి బావికీ మోటారు దిగింది. మిల్లుకు మరమ్మతు కావాలి, మోటారుకు బిగింపు కావాలి, దాంతో నాగలి పట్టిన చేతులు ఆకురాయి పట్టాయి. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగం ధర్మానికి రాసిచ్చారు. ఆ ధర్మంలోంచే పి.ఎస్.జి. పారిశ్రామిక శిక్షణాలయం పుట్టింది. అన్నదమ్ములు నలుగురైతే ఐదు భాగాలు! ఇప్పుడు ఇద్దరుంటే మూడు కేసులు.

ఇక జి.డి. నాయుడు గారి మాట చెప్పకపోతే కోయంబత్తూరు వాడు కోయంబత్తూరు వాడే కాడు. కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన మనిషి. బడికి పెద్దగా పోలేదు. మోటారు సైకిలు ఒకటి కొని, దాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొళ్ళాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టాడు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి ఇక్కడే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించాడు, దేశంలో మొదటిది అదేనంటారు. వీడియో చూసి కాదు నాయనా, విప్పి చూసి. మా మనవడు ఈ పంచ్ పెట్టె తెరిచే ముందు దాని మీద మూడు వీడియోలు చూశాడు. పెట్టె తెరవడం ఎట్లా అన్నదానికే ఒక వీడియో ఉందట.

వాడు నాకు చెప్పిందేమిటంటే, "తాతా, ఇది కొత్త టెక్నాలజీ." నాకు నవ్వాగలేదు. నీళ్ళ ఒత్తిడితో నడిచే ప్రెస్‌కు ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే తాళాల పనివాడు పేటెంటు తీసుకున్నది 1795లో. అప్పటికి మన కోయంబత్తూరు ఇంకా టిప్పు సుల్తాను చేతిలో ఉంది. సూత్రం పాస్కల్‌ది, అది ఇంకా పాతది. సన్న పిస్టన్ మీద మనం వేసిన ఒత్తిడి నూనె గుండా లావు పిస్టన్‌కు చేరుతుంది. పిస్టన్ వైశాల్యం ఎన్ని రెట్లు పెద్దదైతే బలం అన్ని రెట్లు పెరుగుతుంది, దూరం అన్ని రెట్లు తగ్గుతుంది. అందుకే అన్ని సార్లు పంపు కొట్టాలి. ఏదీ ఊరికే రాదు, ఆ ఒక్క ధర్మం మాత్రం ఇంకా మారలేదు.

అయినా హైడ్రాలిక్ అంటే మాకు తెలియనిదా? ఉక్కడం పాత ఇనుము అంగళ్ళలో లారీ జాకీ ఒకటి బేరమాడి తెచ్చి, రెండు చానళ్ళ నడుమ తలకిందులు కాకుండా నిలబెట్టి, మీద పంచ్ బిగించి, మేమే తయారు చేసుకున్నాం. నూనె కారేది. ఫ్రేము వంగేది. బెజ్జం ఒక పక్కకు లాగేది. అయినా అది మనం చేసిన వస్తువు. అందులోంచి వచ్చిన వంకర బెజ్జం కూడా మనదే.

సరే, కొన్నవాళ్ళు కొన్నారు. కొన్నవాళ్ళకైనా బుద్ధిగా వాడటం తెలియాలి కదా, వీడియోల్లో చెప్పరు. బెజ్జం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని పట్టీ మందంతో గుణించండి, వచ్చినదాన్ని 110తో గుణించండి. మెత్తటి ఉక్కుకు సుమారుగా అన్ని కిలోల బలం కావాలి. 4 మిల్లీమీటర్ల పట్టీకి 10 మిల్లీమీటర్ల బెజ్జమంటే 4,400 కిలోలు, నాలుగున్నర టన్నుల లోపు. 6 మిల్లీమీటర్ల ప్లేటుకు 20 బెజ్జమంటే 13 టన్నుల పైమాట. స్టెయిన్‌లెస్ అయితే ఇంకో సగం కలుపుకోండి. పెట్టె మీద అచ్చు వేసిన టన్నులన్నీ లోపల ఉంటాయని నమ్మకండి, మూడు వంతులే ఉన్నాయనుకుని పని చేయండి. మందం కన్నా సన్న బెజ్జం కొట్టాలని చూస్తే ముందు విరిగేది పంచే. డై, పంచ్ కన్నా ఒక పిసరు పెద్దదిగా ఉండాలి. 6 మిల్లీమీటర్ల ప్లేటుకు అర మిల్లీమీటరు పైనే ఖాళీ కావాలి, లేకుంటే పంచ్ పట్టీలో ఇరుక్కుని బయటికి రానంటుంది. హైడ్రాలిక్ నూనె అయిపోతే హైడ్రాలిక్ నూనే పోయండి. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్ళు పాడైపోతాయి. గొట్టం నుంచి సన్నగా నూనె చిమ్ముతుంటే వేలు పెట్టి చూడకండి, ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూరిపోతుంది, ఆస్పత్రి పాలవుతారు. ఇంత వివరంగా నాకెట్లా తెలుసని అడక్కండి. మనవడు ఆఫీసుకు పోయాక మేడ మీద ఎవరూ ఉండరు.

మదురైలో మా బావ ఉన్నాడు, దక్షిణ మాసి వీధి పక్కన గేట్లు, గ్రిల్లులు చేసేవాడు. ఫోన్లో ఈ గోడంతా వెళ్ళబోసుకుంటే నా కన్నా ఎక్కువ మండిపడ్డాడు. మదురై వాళ్ళకు ఏది చెప్పినా నాయకుల కాలానికి పోతారు. "1636లో తిరుమల నాయకుడు మహల్ కట్టినప్పుడు ఈ హైడ్రాలిక్కు ఉండిందా? ఇటుకతో, సున్నంతో అంతేసి స్తంభాలు లేపలేదా?" అన్నాడు. "లేపారు బావా, కానీ వాటికి బెజ్జాలు పెట్టలేదు గదా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత మా మేనకోడలు చెప్పింది, ఆయన దగ్గర ఇప్పటికే అలాంటివి రెండున్నాయట, ఒకటి నాలుగు మూరల గొట్టంతో.

పోయిన ఆయుధ పూజకు మా మనవడు ఆ పంచ్‌ను పెట్టెతో సహా దేవుడి ముందు పెట్టి, పెట్టె మూత మీద గంధం, కుంకుమ పెట్టాడు. బొరుగులు, పప్పులు పంచేలోపే మూత మూసి అలమరలో పెట్టేశాడు. మా రోజుల్లో ప్రెస్ ఒంటికి గంధం పూస్తే గిన్నె ఖాళీ అయ్యేది, గుండ్లకు పూలదండలు వేస్తే అవి దీపావళి దాకా వేలాడేవి. రెండు రోజులు ప్రెస్ కదిలేది కాదు, మేమూ కదిలేవాళ్ళం కాదు. ఇప్పుడు యంత్రానికి సెలవు లేదు, మనిషికి పని లేదు.

మా పాత ఫ్లై ప్రెస్ ఇంకా కింద వసారాలోనే ఉంది, నాలుగో నంబరుది, మర కొంచెం అరిగింది గానీ ఒళ్ళు గట్టిది. స్థలం పోతోందని ఇంట్లో రోజూ పోరు. ఎవరికైనా నిజంగా పని చేసుకోవడానికి కావాలంటే ఆవారంపాళెం వచ్చి అడగండి, డైలతో సహా ఊరికే ఇస్తాను. మోసే మనుషుల్ని, బండిని మీరే తెచ్చుకోవాలి. తూకానికి కొనేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు రావద్దు.