మూల నుంచి మూలకి
ల్యాప్‌టాప్ 14 అంగుళాలా, 15.6 అంగుళాలా? సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ షాపుల చుట్టూ మా బావమరిది నెల రోజులు తిరిగాడు. కొలత మూల నుంచి మూలకి కాబట్టి తేడా అంగుళంన్నర అనిపిస్తుంది గానీ, పెద్ద తెర వైశాల్యం దాదాపు నాలుగో వంతు ఎక్కువ. తీరా చూస్తే రెండింట్లోనూ పిక్సెళ్లు అవే, 1920 బై 1080. పెద్దదాంట్లో అక్షరం ఒళ్లు చేస్తుందంతే, ఎక్సెల్‌లో ఒక్క గడీ కూడా పెరగదు. (స్కేలింగ్ మాటెత్తకండి, కథ మళ్లీ మొదటికొస్తుంది.)

చివరికి పెద్దదే తెచ్చాడు. పాత బ్యాగులో పట్టక కొత్త బ్యాగూ కొన్నాడు. మెట్రోలో ఒళ్లో తెరిస్తే పక్కాయన మోచేయీ కీబోర్డు మీదే. ఆఫీసులో మూత వేసి 24 అంగుళాల మానిటర్‌కి తగిలిస్తాడు. రాత్రి సినిమా మాత్రం దుప్పట్లో, ఫోన్‌లోనే.