జెండా ఇక్కడ, బండి అక్కడ

2024 మార్చి 5న ప్రధాని మోదీ సంగారెడ్డిలో పచ్చజెండా ఊపితే ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్‌ల మీదుగా లింగంపల్లికి తొలి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కదిలింది. సంగారెడ్డి జిల్లా కేంద్రమే గానీ, పట్టణంలో రైల్వే స్టేషన్ మాత్రం లేదు. లగ్గం ఒక ఊళ్లో పెట్టుకుని భోజనాలు ఇంకో ఊళ్లో వడ్డిస్తే మన దగ్గర వియ్యంకులు అలుగుతారు. ఓటర్లు చప్పట్లు కొడతారు.

సంగారెడ్డికే దిక్కు లేని రైలు మన అల్లాదుర్గ్‌కు ఎక్కడిది? అయినా అన్యాయం అనకూడదు, అదే రోజు మనకూ వాటా దక్కింది. 161వ జాతీయ రహదారి మీద కంది నుంచి రాంసాన్‌పల్లి దాకా 40 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డు జాతికి అంకితమైంది. ఇప్పుడు అల్లాదుర్గ్‌లో బస్సెక్కినవాడు లింగంపల్లికి ఇదివరకటి కన్నా తొందరగా చేరి, లోకల్ బండి కోసం ఇదివరకటి కన్నా ఎక్కువసేపు కూర్చోవచ్చు.

పాపం, లోకల్ బండిని తిట్టి లాభం లేదు. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ తిరిగే పట్టాల మీదే అదీ బతకాలి. పెద్దది వస్తోందంటే చిన్నది ఆగాల్సిందే. శివారు స్టేషన్లలో అసలు వినోదం ఆ తర్వాత మొదలవుతుంది. ప్లాట్‌ఫారం మారిందని మైకు ఎంతో మర్యాదగా చెబుతుంది. చంకలో పిల్ల, నెత్తిన బియ్యం మూటతో జనం వంతెనెక్కి సగం దాటేసరికి కింద బండి కూత వేస్తుంది. ‘చింతిస్తున్నాం’ అంటుంది మైకు. ఆ గొంతులో చింత ఉన్నట్టు ఎవరూ ఇంతవరకూ గుర్తించలేదు.

మెదక్‌కు రైలొచ్చిందిగా, అక్కడెక్కండి అంటారు. వచ్చింది. అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల లైను, 2012–13లో మంజూరు, సగం ఖర్చు రాష్ట్రానిది, 2022 సెప్టెంబర్ 23న తొలి బండి. ఈ వేగంతో అల్లాదుర్గ్ దాకా పట్టాలు పడేనాటికి మన మనవలు వృద్ధుల రాయితీకి అర్హులవుతారు. ఆ రాయితీని రైల్వే 2020 మార్చిలోనే ఎత్తేసిందనుకోండి.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి, జోగిపేటల మీదుగా మెదక్‌కు లైను కావాలని ఏళ్లుగా అడుగుతున్నాం. ఢిల్లీకి వినపడిందో లేదో గానీ, ప్లాట్లు అమ్మేవాళ్లకు మాత్రం స్పష్టంగా వినపడింది.

“స్టేషన్‌కు ఐదే నిమిషాలు సార్!”

“ఏ స్టేషన్ తమ్మీ?”

“రాబోయేది సార్. మీకు తూర్పు ముఖం కావాల్నా, కార్నర్ బిట్టా?”