మాట పోయింది, కాగితం రాలేదు

మా రోజుల్లో హిందూపురంలో ఇల్లు బాడుగకు కావాలంటే, తెలిసినవాళ్ళొకరు వెంట వచ్చి ఒక మాట చెప్తే చాలు. నెల బాడుగ ముందుగా చేతిలో పెట్టి సామాను దించుకునేవాళ్ళం. ఇప్పుడు పది నెలల అడ్వాన్సు అడిగేవాళ్ళున్నారు! బెంగళూరు అలవాటు గౌరీబిదనూరు దాటి మన వీధుల్లో కూర్చుంది. ఖాళీ చేసేనాడు రంగులకింత, కొళాయికింత అని పట్టుకుని, మిగిలినదానికి నాలుగుసార్లు తిప్పుతారు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మన పిల్లలకు పని దొరికింది, సంతోషమే. కానీ కంపెనీ జీతగాళ్ళకు చెప్పే బాడుగే టీ అంగడివానికీ, ప్రైవేటు బడి అయ్యవారికీ చెప్తే వాళ్ళెక్కడికి పోవాల?

ధర్మవరంలో కష్టం ఇంకో రకం. నేతగానికి ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు, అన్నం పెట్టే చోటు కూడా. నేలలో గుంత తవ్వి మగ్గం దించుకుంటాడు. పడుగు సగంలో ఉండగా వచ్చే నెల ఖాళీ చెయ్యమంటే ఆ చీరలేం కావాల? ఇంట్లో ఆడోళ్ళు చుట్టే కండెలేం కావాల? పడుగు అయిపోయేదాకా నోరెత్తని ఇంటాయనలను నేను చూసినాను.

అప్పుడంతా ధర్మాత్ములే అనడం లేదు. కాబట్టే 1960లోనే బాడుగ చట్టం వచ్చింది. రసీదు ఇవ్వాల, నీళ్ళూ కరెంటూ ఆపకూడదు, కారణం లేకుండా వెళ్ళగొట్టకూడదు అన్నది. దాని స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త చట్టం చేసింది. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టమైతే కాపురానికిచ్చే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదంటుంది. బాడుగ పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పమంటుంది. ఇంటాయన లోపలికి రావాలన్నా 24 గంటల ముందు చెప్పాలంటుంది. మంచి మాటలు! మన వీధిలో ఎందరికి తెలుసు? తెలిసినా, ఒప్పందమే రాసుకోనివాడు ఏం చూపించి అడుగుతాడు?

మాట మీద నడిచే కాలం పోయింది, ఒప్పుకుంటాను. దాని బదులు కాగితమన్నా రావాల కదా! అందుకే చెప్తున్నాను నాయనా, ఒప్పందం రాసుకోండి. కట్టిన అడ్వాన్సు అందులో అంకెల్లో, అక్షరాల్లో రాయించండి. బాడుగకు నెలనెలా రసీదు అడగండి. ఇవ్వకపోతే బ్యాంకులోనే వెయ్యండి.