కూడికలే తప్ప...

2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేటలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అప్పటినుంచి హైదరాబాద్‌లో ఖాళీ నేల ఏలినవారి కంటికి పనీపాటా లేని కొడుకులా కనబడుతోంది. 2025లో చెట్లూ నెమళ్లూ ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వంతు వచ్చింది. ఐటీ పార్కులొస్తాయి, కొలువులొస్తాయి, ఖజానా నిండుతుందని లాభాల పద్దు రాశారు. నష్టాల పద్దుకు తీరిక లేక బుల్‌డోజర్లను పంపారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెట్ల నరికివేతను ఆపించాల్సి వచ్చింది. వాన నీటిని ఇంకించుకునే నేలకూ, నెమలికీ వేలంపాటలో పాట పాడటం రాదు మరి! అయ్యా, అద్దాల మేడల ఆదాయంతో పాటు, వానరోజు రోడ్డు మీద గంటలకొద్దీ ఆగిపోయే జనం ఖర్చూ ఓ గడిలో వేయండి. తీసివేతలు లేని లెక్కకు ఆడిటరే సంతకం పెట్టడు, ఓటరెందుకు పెట్టాలి?